మోచేతుల మీద వినయం

మా జలమండలి కమిషనర్ పరాంకుశం గారికి ఒకే ఒక్క బెంగ ఉండేది. ఊళ్ళో కుళాయిలు రావడం లేదని కాదు, అది జనం బెంగ. ఆయన బెంగ నమస్కారం గురించి.

"సెల్‌ఫోన్ వచ్చాక రెండు చేతుల నమస్కారం చచ్చిపోయిందయ్యా లింగమూర్తీ," అనేవారు నాతో. "ఒక చెయ్యి చెవి దగ్గర, రెండో చెయ్యి గాల్లో. అది నమస్కారమా? ఈగని తోలుతున్నట్టు! నేను ఈ కుర్చీలోకి వచ్చి పద్నాలుగు నెలలైంది. రెండు చేతులూ కలవడం నేను చూసింది శవయాత్రలో ఒక్కసారి. అదీ నాకు కాదు."

నేను ఆ ఆఫీసులో సిబ్బంది విభాగం సూపరింటెండెంటుని. ఉత్తర్వు ఎవరిచ్చినా రాసేది నేనే కాబట్టి, ఇప్పుడు చెప్పబోయే ప్రతి వెధవ పనికీ ముసాయిదా నా చేతిరాతలోనే దొరుకుతుంది. దాచుకోను. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న మాట కూడా ఒకటే, "రాసివ్వు" అని. ఆఫీసు వెనక గది తగలబడుతోందని ఎవరైనా పరిగెత్తుకొచ్చినా అదే అనేవాణ్ణి. రాయమంటే సగంమంది వెళ్ళిపోతారు. రాసిచ్చినవాళ్ళ గొడవ ఫైల్లో పడి దానంతట అదే చల్లారుతుంది.

గేదెల నూకరాజు మాత్రం ఏదీ రాసిచ్చే రకం కాదు. అతను పైపులైను గస్తీ మనిషి. ఏటి ఒడ్డున పంపుహౌసు నుంచి మా ఆఫీసు ఆవరణలో ట్యాంకు దాకా ఇరవై రెండు కిలోమీటర్ల పైపు ఉంది. పొద్దున్నే సైకిలెక్కి ఆ పైపు వెంట వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. దారిలో వాల్వు గొయ్యి కనిపించిన చోటల్లా దిగి, పైపు మీద పది వేళ్ళూ ఆనించి కళ్ళు మూసుకుంటాడు. లోపల నీరు ఎలా పోతోందో, ఎక్కడ చీలిక పడబోతోందో ఆ వేళ్ళకి తెలిసిపోతుంది.

"ఏళ్ళెడితే నీరే సెప్తాది బాబూ," అనేవాడు.

లీకులు కనిపెట్టే యంత్రం మా ఇంజనీరింగు విభాగంలో ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం పెట్టెలో వచ్చింది, ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. పెట్టె తాళం ఎవరి దగ్గరుందో స్పష్టత లేదని ఫైల్లో రాసి ఉంది. అంచేత ఊరికి నీళ్ళు నూకరాజు పది వేళ్ళ మీద ఆధారపడి వచ్చేవి. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

అతని ప్రభుత్వ సైకిలు పనికిరాదని కొట్టేశాక, పిల్లల డాక్టరొకాయన దగ్గర రేసు సైకిలు కొనుక్కున్నాడు. ఆ డాక్టరుగారు ఆరోగ్యం మీద మోజుతో దాన్ని తెప్పించుకుని, పదిహేను రోజులు తొక్కి, నడుం పట్టుకుని వదిలేశారు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. బాణంలా పోయేది. కానీ ఒంటి బరువంతా అరచేతుల మీద పడేది. నెల తిరిగేసరికి నూకరాజు చిటికెన వేళ్ళూ ఉంగరం వేళ్ళూ తిమ్మిరెక్కాయి. పైపు మీద చెయ్యి పెడితే గోడ మీద పెట్టినట్టే ఉందట. మనిషి భయపడిపోయాడు.

రైల్వే గేటు దగ్గర సైకిలు షాపు కాసిం అతని చేతులు చూసి, హ్యాండిలు మధ్యలో బిగించే రెండు పొట్టి కడ్డీలు తీశాడు. కడ్డీల మొదట్లో మోచేతులు ఆనించుకోవడానికి చిన్న దిండ్లు.

"పొడుగు కడ్డీలు పందేల వాళ్ళకి. నీకు ఇవి చాలు, ఆరంగుళాలు," అన్నాడు కాసిం. "మోచేతులు దిండ్ల మీద వాల్చు. బరువు ఎముక మీద పడుతుంది, అరచేతులకి సెలవు. వేళ్ళు ఊరికే ముందుకి వదిలెయ్, పిసక్కు. జనంలోకి వచ్చినప్పుడు మాత్రం లేచి కింద హ్యాండిలు పట్టుకో. బ్రేకులు అక్కడే ఉన్నాయి, కడ్డీల మీద లేవు. మరిచిపోకు."

సీటు వేలెడు ముందుకి జరిపాడు, హ్యాండిలు కాస్త పైకి లేపాడు. రెండు వారాల్లో తిమ్మిరి పోయింది. ఎదురుగాలిలో పంపుహౌసు దాకా వెళ్ళినా మంచం మీద బోర్లా పడుకున్నంత హాయిగా ఉందని నూకరాజు అందరికీ చెప్పుకున్నాడు. కథ ఇక్కడితో అయిపోవాలి. మరో దేశంలో అయితే అయిపోయేది.

ఒకరోజు కమిషనర్ గారు పంపుహౌసు తనిఖీకి బయల్దేరారు. ముందు సీట్లో ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని నేను. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఎదురుగా నూకరాజు వస్తున్నాడు. నడుం వంచి, తల దించి, మోచేతులు ఆనించి, ముందుకి చాచిన రెండు చేతులూ దగ్గరగా చేర్చి.

"ఆపండి!" అని అరిచారు కమిషనర్ గారు.

నూకరాజుని కూడా ఆపించారు. అతను దిగి తలగుడ్డ తీశాడు.

"నన్ను అంత దూరం నుంచే గుర్తుపట్టావా?"

"నేదు బాబూ. తలొంచుకుని తొక్కుతాను గదా, ఎదర ఎవులొచ్చినా మొకం కనపడదు."

కమిషనర్ గారు నావైపు తిరిగారు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "విన్నావా? ఎదుటివాడు ఎవడో చూడకుండానే నమస్కారం! ఇలా ఎంతసేపు ఉండగలవు?"

"పంపౌసు దాకా ఇలగే ఉంటాను బాబూ. ఇలగుంటేనే హాయి. ఏళ్ళకి తిమ్మిరెక్కదు, అందుకని సైకిలు సాపు కాసిం..."

"చాలు. వినయవంతుడు ఎక్కువ మాట్లాడకూడదు. లింగమూర్తీ, రాసుకో. వినయంలో హాయి ఉంది. ఆ మాట ఒక నాలుగో తరగతి ఉద్యోగి నోట వచ్చింది."

రాసుకున్నాను. పంపుహౌసు తనిఖీ మర్చిపోయి కారు వెనక్కి తిప్పించారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, మండలి పరిధిలో సైకిలు వాహనముగా గల ప్రతి ఉద్యోగియు తన వాహనమునకు కరద్వయ సంయోజక సాధనమును అమర్చుకొని, ప్రయాణ కాలమంతయు నమస్కార భంగిమ యందు ఉండవలెను." కరద్వయ సంయోజక సాధనం అన్న మాట నాదే. రాసిన రోజున గర్వపడ్డాను కూడా.

సాధనం విధివిధానాలు తేల్చడానికి ఇంజనీరు మార్కండేయులు గారి అధ్యక్షతన సంఘం వేశారు. మొదటి రెండు సమావేశాలూ పేరు మీద జరిగాయి. నేను పెట్టిన పేరు పొడుగైందని 'వినయ దండిక' అని ఖాయం చేశారు. మూడో సమావేశంలో కొలతలు. వినయం హోదాని బట్టి ఉంటుంది కాబట్టి దండిక పొడుగు కూడా హోదాని బట్టే ఉండాలన్నారు మార్కండేయులు గారు. నాలుగో తరగతి వాళ్ళకి పద్దెనిమిది అంగుళాలు, గుమాస్తాలకి పన్నెండు, ఇంజనీర్లకి ఆరు, కమిషనర్ గారికి సున్నా.

"మరి దిండ్లు?" అని అడిగాను. నూకరాజు సైకిలు అప్పటికి బల్ల పక్కనే నిలబెట్టి ఉంది, నమూనాగా.

"దిండ్లా?" మార్కండేయులు గారు కళ్ళజోడు తీశారు. "లింగమూర్తి గారూ, మీరు సిబ్బంది విభాగంలో ఉండి ఈ మాట అడుగుతున్నారా? మన ఆఫీసులో మెత్త ఉన్న కుర్చీ ఎవరికి?"

"గెజిటెడ్ అధికారులకండి."

"చేతులున్న కుర్చీ?"

"సూపరింటెండెంటు ఆపైన అండి."

"మీరు ఏ కుర్చీలో కూర్చుంటారు?"

"చేతులున్నది, మెత్త లేనిదండి."

"ఇరవై ఏళ్ళకి ఆ చేతులొచ్చాయి మీకు. మీ పిరుదులకే లేని మెత్త గస్తీవాడి మోచేతులకి ఎలా ఇస్తాం?"

మా ఆఫీసులో మెత్త కోసం మనుషులు కోర్టు దాకా వెళ్ళారు. దిండ్లు నిషేధిస్తూ తీర్మానం రాశాను.

అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. నూకరాజు కడ్డీలు ఆరంగుళాలు. అంటే ఇంజనీరు హోదా. పైగా మెత్త. ఒక గస్తీ మనిషి ఇన్నాళ్ళూ గెజిటెడ్ భంగిమలో ఊరంతా తిరిగాడని మార్కండేయులు గారు నివ్వెరపోయారు. శిక్ష వెయ్యాలన్నారు. కానీ కమిషనర్ గారు దయగలవారు. పథకానికి ప్రేరణ అతనే కాబట్టి శిక్ష లేకుండా, కడ్డీలు మాత్రం స్వాధీనం చేసుకుని 'ఆద్య నమూనా'గా భద్రపరచమన్నారు.

"బాబూ, అవి నా సొంతం," అన్నాడు నూకరాజు, నేను కడ్డీలకి చీటీ కడుతుంటే.

"సొంతం కాబట్టే స్వాధీనం చేసుకుంటున్నాం. ప్రభుత్వానివైతే ఎలాగూ మా దగ్గరే ఉండేవి కదా."

రసీదు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. కడ్డీలు నా ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. అతని సైకిలుకి స్టోర్సు వాళ్ళు పద్దెనిమిది అంగుళాల దండికలు బిగించారు. మిగిలిపోయిన కుళాయి గొట్టాల ముక్కలవి. వాటిమీద సాగిలపడితే మోచేతులు ఇనుము మీద ఒరుసుకుపోయేవి. అందుకని అందరూ అరచేతులతో గొట్టాన్ని పిసికి పట్టుకునేవాళ్ళు. బరువు మళ్ళీ చేతుల మీదకే వచ్చింది.

ఇంతలో సైకిలు లేని ఉద్యోగుల వినయం సంగతేమిటని ఎవరో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి బల్లకీ దండికలు బిగించారు. గుమాస్తాలు పదిన్నర నుంచి ఐదింటి దాకా పన్నెండంగుళాల వినయంతో కూర్చునేవాళ్ళు. రెండు చేతులూ కలిసే ఉండాలి కాబట్టి కలం పట్టుకునే వీలు లేదు. ఆ నెల నివేదికలో 'మండలిలో రాతతప్పుల సంఖ్య సున్నాకు పడిపోయినది' అని రాశాం. అబద్ధం ఒక్క ముక్క లేదు.

తర్వాత ఫిర్యాదుల కౌంటరు. ప్రజలకి హోదా అంటూ ఏమీ లేదు కాబట్టి వాళ్ళకి అందరికన్నా పొడుగు దండిక, ఇరవై నాలుగంగుళాలు. మొదటిరోజు రిటైరైన హెడ్మిస్ట్రెస్ వరహాలమ్మ టీచరుగారు వచ్చారు. మనిషి నాలుగున్నర అడుగులు. మోచేతులు దండిక మీద ఆనించేసరికి కాళ్ళు నేల విడిచాయి.

"ఏమయ్యా, వారంరోజులుగా మా వీధిలో నీళ్ళు లేవని చెప్పడానికి నేనిలా వేలాడాలా?"

"అమ్మా, ఎడమ మోచెయ్యి అంగుళం లేచింది," అన్నాడు కౌంటరు గుమాస్తా. "అలా అయితే ఫిర్యాదు చెల్లదు. మొదట్నించి చెప్పండి."

ఆవిడ మొదట్నించి చెప్పారు. మూడోసారి చెయ్యి జారింది. దిగి, చీర సర్దుకుని, "నలభై ఏళ్ళు పిల్లలచేత గోడకుర్చీలు వేయించాను నాయనా," అన్నారు. "ఆ పాపం ఇలా తీరుతోంది కాబోలు." చూపించడానికి తెచ్చిన ఖాళీ బిందెతోనే వెళ్ళిపోయారు.

రోజుకి నూట నలభై వచ్చే ఫిర్యాదులు మూడుకి పడిపోయాయి. ఆ మూడూ పొడుగాటివాళ్ళవి. నీటి సరఫరా ఇంతగా మెరుగుపడినందుకు కమిషనర్ గారు ఇంజనీర్లని అభినందించారు. పథకం విజయానికి గుర్తుగా 'వినయ దినోత్సవం' జరపాలని నిర్ణయించారు.

దినోత్సవానికి రెండు రోజుల ముందు సాయంత్రం నూకరాజు నా బల్ల దగ్గరకి వచ్చాడు. చేతులు రెండూ ఒకదానికొకటి రుద్దుకుంటున్నాడు.

"బాబూ, ఏళ్ళు మళ్ళీ సచ్చిపోనాయి. ఈసారి నాలుగు కాదు, పదీ పోనాయి. పైపు మీదెడితే ఏటీ తెలీటం నేదు."

"వైద్య సెలవు కావాలా?"

"సెలవెందుకు బాబూ. ఆపీసు ముంగల మైదానంలో వాల్వు గొయ్యి ఉందా? దాని పక్కని గడ్డి పచ్చగా ఉంది. ఇంత ఎండలో ఆ ఒక్క సోటే పచ్చగా ఎలగుంటాది? కింద పైపుకి ఏదో అయ్యింది. ఏళ్ళు బాగుంటే ఎక్కడో ఏటో సెప్పీసీవోణ్ణి. ఇప్పుడు నాకే రూఢీ నేదు. తవ్వించి సూడండి బాబూ."

"రాసివ్వు," అన్నాను.

కలం తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. వంగి తీశాడు, మళ్ళీ జారింది. "పట్టు సిక్కటం నేదు బాబూ," అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"అయితే కౌంటర్లో నోటిమాటగా చెప్పు."

వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. కౌంటరు ప్రజలకి మాత్రమేనట, ఉద్యోగి ఫిర్యాదు చెయ్యడానికి ఎన్ని అంగుళాల దండికో నిబంధనల్లో లేదట. నావైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. కానీ ఐదు దాటింది, ఐదుంపావుకి నా బస్సు. సిగ్గుని బల్ల సొరుగులో పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోయాను.

దినోత్సవానికి వేదిక ఎక్కడ వెయ్యాలో చూడ్డానికి మార్కండేయులు గారు మైదానమంతా తిరిగారు. అంతటా ఎర్రమన్ను లేస్తోంది, ఒక్కచోట మాత్రం గడ్డి పచ్చగా ఉంది. ఫోటోల్లో బాగుంటుందని అక్కడే వేయించారు. వేదిక నాలుగు గుంజలూ లోతుగా పాతించారు.

గేటు నుంచి వేదిక దాకా నేల వాలుగా ఉంటుంది. అరవైమంది సైకిలు సిబ్బంది ఆరు వరసల్లో, నమస్కార భంగిమలో, గేటు నుంచి వేదిక దాకా రావాలి. కమిషనర్ గారు ప్రతినమస్కారం చేసేదాకా చేతులు విడదీయకూడదు. సైకిళ్ళు సరిచూడ్డానికి పిలిపించిన కాసిం ఈ మాట విని అదిరిపడ్డాడు.

"సార్, దండికల మీద బ్రేకులుండవు. చేతులు కిందికి తేవాలి, లేకపోతే ఆగవు."

"బ్రేకు అనేది సైకిలుకి కాదయ్యా, మనసుకి ఉండాలి," అన్నారు మార్కండేయులు గారు.

కాసిం మనసు సంగతి తనకి తెలియదనీ, తను సైకిళ్ళే బాగుచేస్తాననీ చెప్పి, సామాను సర్దుకుని గేటు బయటకెళ్ళి నిలబడ్డాడు.

బ్యాండు మొదలైంది. కమిషనర్ గారు దండతో వేదిక మీద పెద్ద కుర్చీలో కూర్చున్నారు. అరవై మంది తలలు దించుకుని, చేతులు చేర్చుకుని వాలు మీదికి దిగారు. మొదటి వరసలో నూకరాజు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగానే ఉంది. కమిషనర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ప్రతినమస్కారం చెయ్యడానికి రెండు చేతులూ ఎత్తబోతుండగా ఆయన సెల్‌ఫోన్ మోగింది. పైవాళ్ళ ఫోను. ఒక చెయ్యి చెవి దగ్గరకెళ్ళింది. ప్రతినమస్కారం ఆగిపోయింది.

సైకిళ్ళు ఆగలేదు. "సేతులు తియ్యండ్రా, బ్రేకులెయ్యండి!" అని నూకరాజు ఒక్కడే అరిచాడు. అతనూ వేశాడు గానీ వేళ్ళకి బ్రేకు ఆనలేదు. మొదటి వరస వెళ్ళి ముందు గుంజలకి కొట్టుకుంది. రెండో వరస మొదటి వరసకి కొట్టుకుంది. గుంజ కదిలింది. కింద ఎక్కడో 'ఠప్' మంది. వేదిక మధ్యలోంచి, సరిగ్గా కుర్చీ కింద నుంచి, నీరు లేచింది. కమిషనర్ గారు కుర్చీతో సహా రెండడుగులు లేచి, దండతో సహా పక్కకి దిగారు. మా మండలి చరిత్రలో అంత ఒత్తిడితో నీళ్ళు రావడం అదే మొదలు.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. మోకాళ్ళు గీరుకున్నాయి, మార్కండేయులు గారి కళ్ళజోడు పోయింది. ఊరికి మాత్రం నాలుగు రోజులు చుక్క నీరు లేదు. జనం బిందెలు పట్టుకుని మైదానంలో గుంట దగ్గర వరసకట్టారు. వాళ్ళలో వరహాలమ్మ టీచరుగారూ ఉన్నారు. బిందె నింపుకుని, రెండు మోచేతులూ నావైపు ఒకసారి చూపించి వెళ్ళారు.

విచారణకి మళ్ళీ మార్కండేయులు గారే అధ్యక్షులు. ఉన్నతాధికారి కూర్చుని ఉండగా పైపు పైకి లేవడం తీవ్రమైన అవిధేయత అని తేల్చారు. అయితే పైపుకి మెమో అందజేసే ఏర్పాటు లేదు, అది భూమిలో ఉంది. కాబట్టి దాని సంరక్షకుడు గేదెల నూకరాజుకి మెమో ఇవ్వాలి. లీకుని సకాలంలో కనిపెట్టడంలో విఫలమైనందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో ఏడు రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. మెమో నేనే రాశాను.

ఐదో రోజున నూకరాజు ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒక్క చేత్తో పట్టు చిక్కక.

"నువ్వే రాయి బాబూ జవాబు. ఇదీ నువ్వే రాసినావు గదా."

నేను సొరుగులోంచి కలం తీశాను.

"ఏళ్ళు తిరిగొస్తే పైపొట్టుకుని బతికీస్తాను. రాపోతే ఏటి సెయ్యను? నాకింకేటీ రాదు బాబూ. పదారేళ్ళ కాణ్ణించి ఇదే పని." కాగితం నా బల్ల మీద పెట్టాడు. "ఆ పచ్చగడ్డి సంగతి నీకు సెప్పినానా, నేదా?"

చెప్పాడు. రాసివ్వలేదు గానీ చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి, రాయని మాట కూడా మాటేనని నాకు అనిపించింది. కాగితం ముందుకి లాక్కున్నాను.

మా వాళ్ళతో మా భాషలోనే మాట్లాడాలి. "గస్తీ ఉద్యోగి విధుల పట్టికలో చేతివేళ్ళ ప్రస్తావన ఎచ్చటను లేదు. లీకులను కనిపెట్టు బాధ్యత తత్సంబంధ యంత్రమునకు చెందినది. సదరు యంత్రము గల పెట్టె తాళము తొమ్మిదేళ్ళ క్రితము ఎవరు సంతకము చేసి తీసుకొనిరో స్టోర్సు రిజిస్టరు నలభై రెండవ పుటలో చూడగోరెదను." నలభై రెండో పుటలో మార్కండేయులు గారి సంతకం ఉంది. నాకెప్పట్నించో తెలుసు. ఎవరూ రాసి అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా మెమో రద్దయింది. కానీ కడ్డీలు తిరిగి ఇప్పించమన్న వినతి 'ఆద్య నమూనా పరిరక్షణ ఉపసంఘా'నికి వెళ్ళింది. ఆ ఉపసంఘం ఇంకా వెయ్యలేదు.

ఆరోజు భోజనాల వేళ బీరువా తెరిచాను. కడ్డీలూ దిండ్లూ నా క్యారేజీ సంచిలో వేసుకున్నాను. వాటి స్థానంలో రెండు గొట్టం ముక్కలు గుడ్డలో చుట్టి, పాత చీటీయే కట్టాను. సర్వీసులో గుండుసూది ఇంటికి తీసుకెళ్ళని మనిషిని. రైల్వే గేటు దాకా సంచిని చంకలోంచి తియ్యలేదు.

కాసిం నన్నూ సంచినీ మార్చి మార్చి చూశాడు. నూకరాజుని పిలిపించి, అతని సైకిలుకి కడ్డీలు బిగించాడు. ఊళ్ళో తనిఖీల కోసం వాటిమీద తొడుక్కునే పద్దెనిమిది అంగుళాల గొట్టాలు రెండు తయారుచేశాడు. ఆఫీసు గేటు దగ్గర తొడగాలి, ఊరు దాటగానే తీసి సంచిలో వెయ్యాలి. దిండ్ల మీద తలగుడ్డ కప్పాలి.

మూడో వారంలో ఒక పొద్దున్న ఫైళ్ళు పట్టుకుని కమిషనర్ గారి బంగళాకి వెళ్తున్నాను. ప్రహరీగోడ పక్కన వాల్వు గొయ్యి దగ్గర నూకరాజు మోకాళ్ళ మీద వంగి, చేతులు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇటు రా బాబూ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇక్కడ నీరు తడబడతంది. పైపు వణుకుతంది. ఇదిగో, రెండు బారలవతల, ఈ గోడ కిందనే. సెయ్యెట్టి సూడు."

ఫైళ్ళు గోడ మీద పెట్టి నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నాను. వంగి, రెండు చేతులూ పైపు మీద ఆనించాను. చల్లటి ఇనుము తప్ప నాకేమీ తెలియలేదు. సైకిలు తొక్కినవాడి వేళ్ళకి తిమ్మిరి పోయింది. నా వేళ్ళకి ఎప్పుడెక్కిందో కూడా నేను గమనించలేదు.

"లింగమూర్తీ!" అని పైనుంచి పిలుపు. తలెత్తి చూస్తే మేడ మీద కమిషనర్ గారు, చెవి దగ్గర సెల్‌ఫోనుతో. తన బంగళా గోడ బయట ఇద్దరు మనుషులు మోకరిల్లి, తలలు వంచి, రెండేసి చేతులూ ముందుకి చాచి ఉండటం ఆయనకి కనిపించింది. "నువ్వు కూడానా!" అన్నారు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి మమ్మల్ని దీవించారు.

నూకరాజు కళ్ళు తెరిచి నావైపు చూశాడు.

"రాసిమ్మంతావేటి బాబూ?"

"వద్దు," అన్నాను చొక్కా చేతులు పైకి మడుస్తూ. "పార తే."